పేరు చివర ‘రోడ్’ ఉంటే ఊరు దూరమే

మార్కాపురంలో రైలు దిగితే బోర్డు మీద ‘మార్కాపురం రోడ్’ అని కనిపిస్తుంది. పాత రైల్వే లెక్కలో ఆ ‘రోడ్’కు అర్థం, ఊరు ఇక్కడ లేదు, ఊరికి వెళ్లే దారి మాత్రం ఇక్కడుందని. అప్పట్లో జట్కా, ఇప్పుడు ఆటో.

కొత్తగా వేస్తున్న నడికుడి–శ్రీకాళహస్తి లైనుతో, స్టేషన్ నుంచి ఊరికి చేరడమెలా అనే ఆ పాత సమస్య మళ్లీ మన గుమ్మంలోకి వస్తోంది. సుమారు 309 కిలోమీటర్ల ఈ లైనుకు 2011–12 రైల్వే బడ్జెట్లో అనుమతి వచ్చింది. సగం ఖర్చు, మొత్తం భూమి రాష్ట్రానివి. దర్శి, పొదిలి, కనిగిరి, పామూరు, వింజమూరు, ఆత్మకూరు, రాపూరు మీదుగా మెట్ట ప్రాంతమంతా తిరుగుతుంది. విజయవాడ–చెన్నై కోస్తా లైను తెగితే ఇదే దిక్కు. 2021 నవంబరులో పెన్నా వరద నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర పట్టాలను ముంచినప్పుడు ఆ అవసరం అందరికీ అర్థమైంది.

కోస్తా లైను కథ వేరు. 1899లో బెజవాడ, మద్రాసు కలిశాక నెల్లూరు పట్టాలకు అటూ ఇటూ పెరిగింది. స్టేషన్ ఊరి నడిబొడ్డున ఉండటం అదృష్టమే, కానీ దాటడమే కష్టం. గట్టి వాన పడితే మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి చెరువైపోతుంది. చెప్పులు చేతిలో పట్టుకుని, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, రైలు టైమవుతోందని టెన్షన్ పడుతూ దాటినవాళ్లలో నేనూ ఒకణ్ని.

అన్నిటికీ నడిచి వెళ్లగలిగే ఊరు ఎలా ఉంటుందో చూడాలంటే నెల్లూరు జిల్లాలోని రైల్వే ఊరు బిట్రగుంట వెళ్లాలి. ఆవిరి ఇంజన్ల కాలంలో క్వార్టర్లు, లోకో షెడ్డు, స్టేషన్ అన్నీ నడక దూరంలోనే. దాన్ని ఎవరూ ప్లానింగ్ అనలేదు. కాల్ బాయ్ వచ్చి తలుపు తడితే డ్రైవరు వెంటనే డ్యూటీకి చేరాలి, అంతే. ఆవిరితో పాటు ఆ సందడీ పోయింది.

అమెరికాలో ఇది సిద్ధాంతంగా మారింది. 1929లో ప్లానర్ క్లారెన్స్ పెర్రీ ఇంటి నుంచి బడి పావు మైలులో ఉండాలన్నాడు. 1981లో శాన్ డియాగో, 1986లో పోర్ట్‌లాండ్ నగరాలు లైట్ రైలు (ట్రామ్ లాంటి తేలికపాటి నగర రైలు) నడిపాయి. స్టేషన్ చుట్టూ కార్ల పార్కింగ్ కాదు, ఇళ్లూ అంగళ్లూ ఉండాలని ఆర్కిటెక్ట్ పీటర్ కాల్‌థార్ప్ లాంటివాళ్లు వాదించారు. స్టేషన్ల చుట్టూ నగరాన్ని పెంచాలంటూ మన కేంద్రం 2017లో తెచ్చిన విధానమూ స్టేషన్ నుంచి 500–800 మీటర్లను నడక దూరంగా లెక్కగట్టింది. 2019లో చిన్న నగరాల కోసం మెట్రోలైట్ (మెట్రో కన్నా చిన్న, చౌక రైలు) ప్రమాణాలూ ఇచ్చింది. అదంతా నగరాల సంగతి. పొదిలికి లైట్ రైలు రాదు, మామూలు రైలే వస్తుంది. అయినా 800 మీటర్లంటే ఎక్కడైనా 800 మీటర్లే కదా!

స్టేషన్ వస్తుందంటే చాలు, ముందు వచ్చేది వెంచర్. ‘స్టేషన్‌కు కూతవేటు దూరంలో’, ‘40 అడుగుల రోడ్లు’ అని బ్రోచర్లో ఉంటుంది. రోడ్లు వెడల్పుగానే ఉంటాయి. చివర మాత్రం ప్రహరీ గోడ, పక్క వెంచర్‌లోకి దారి ఉండదు. కూతవేటు కాస్తా చుట్టు తిరిగి రెండు కిలోమీటర్లవుతుంది.

మన పల్లెల్లో డొంకలున్నాయి. బండ్లు, పశువులు, మనుషులు తరతరాలుగా నడిచిన దారులవి, రెవెన్యూ మ్యాపుల్లో గీతలు గీసి మరీ ఉన్నాయి. కొత్త స్టేషన్లకు కాలిబాట కోసం కొత్తగా భూమి సేకరించే ముందు ఆ మ్యాపులు తీస్తే సగం పని అయిపోతుంది. ప్లాట్లు రిజిస్టరయ్యాక అదే డొంకను వెతకాలంటే సర్వేయరును పిలిపించి గొలుసు వేయించాలి.