స్నేహితులతో కొండల్లో నాలుగైదు రోజులు: అపోహలు - వాస్తవాలు

ఒక్కపూటలో కొండెక్కి దిగివచ్చేటప్పుడు చిన్న తప్పులు బయటపడవు. వరసగా నాలుగైదు రోజులు నడిస్తే మూడో రోజుకల్లా అన్నీ పైకి తేలతాయి. గుంపులో అందరూ దగ్గరివాళ్లే అయితే వాటిని చెప్పుకోవడానికి మొహమాటం కూడా తోడవుతుంది.

అపోహ: రోజూ పరుగెత్తేవాళ్లను ఎత్తు ఏమీ చేయదు.

కండబలానికీ, పలుచని గాలికి ఒళ్లు అలవాటు పడటానికీ సంబంధం లేదు. 2,500 మీటర్లు దాటాక ఎత్తు జబ్బు ఎవరికైనా రావచ్చు. దమ్మున్నవాళ్లు గబగబా ఎక్కేస్తారు కాబట్టి వాళ్లకే ముందు తగలొచ్చు. 3,000 మీటర్ల పైన అసలు లెక్క రాత్రి పడుకునే చోటుది. ఇవాళ్టి మజిలీ నిన్నటి మజిలీ కన్నా 500 మీటర్లకు మించి పైన ఉండకూడదు. మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో మరో రాత్రి ఆగాలి. పగలు ఇంకాస్త పైకి వెళ్లి చూసి, కిందికొచ్చి పడుకుంటే ఇబ్బంది లేదు.

తలనొప్పికి తోడు వికారమో, తిండి సహించకపోవడమో, తల తిరగడమో ఉంటే అది ఎత్తు వల్లే అనుకోవాలి. తగ్గేదాకా ఒక్క అడుగు కూడా పైకి వేయొద్దు. మడమకు బొటనవేలు ఆనిస్తూ గీత మీద నడవమంటే తూలుతున్నా, ఊరికే కూర్చున్నా ఆయాసం వస్తున్నా తెల్లారేదాకా చూడటం ప్రాణాపాయం. వెంటనే 300 నుంచి 1,000 మీటర్ల దాకా దించాలి, ఒంటరిగా మాత్రం పంపకూడదు.

స్నేహితుల గుంపులో అసలు చిక్కు ఇక్కడే. ‘నా వల్ల అందరి ప్రయాణం పాడవుతుంది’ అని తలనొప్పిని దాచుకుంటారు. అందుకే రోజూ సాయంత్రం ఒక్కొక్కరినీ విడిగా అడగండి: తల నొస్తోందా, తిన్నది ఇమిడిందా, రాత్రి నిద్ర పట్టిందా? ఎవరు దిగాల్సివస్తే ఎవరు తోడు వెళ్లాలో బయలుదేరే ముందే అనుకోండి. అప్పటికప్పుడు తేల్చుకుందామంటే తేలదు.

అపోహ: ఎవరి వేగంతో వాళ్లు నడిచి క్యాంపులో కలుసుకోవచ్చు.

దారి తప్పేది ఎక్కువగా ఇలా విడిపోయినప్పుడే. పైగా ముందువాళ్లు ఆగి సేదతీరతారు, వెనకబడ్డ మనిషి రొప్పుతూ చేరగానే ‘ఇక పదండి’ అని లేస్తారు. విశ్రాంతి ఎవరికి ఎక్కువ కావాలో వాళ్లకే దొరకదు. అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషిని వరసలో రెండోచోట ఉంచండి. చివర అనుభవమున్నవాళ్లు ప్రథమ చికిత్స సంచితో నడవాలి. దారి చీలిన ప్రతిచోటా అందరూ కలిసేదాకా ఆగాలి.

నడకకు ఎంత సమయం పడుతుందో అంచనా కట్టడానికి 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. 12 కిలోమీటర్ల దూరం, 900 మీటర్ల ఎక్కుడు ఉంటే దాదాపు నాలుగు గంటలు. అయితే అది ఆగకుండా నడిచే గట్టివాళ్ల లెక్క. బరువులతో, ఆగుతూ వెళ్లే గుంపుకి ఆరు గంటలు పెట్టుకోండి.

అపోహ: ఎక్కడమే కష్టం, దిగడం తేలిక.

దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. మర్నాటి నొప్పులు, మోకాళ్ల బాధ అక్కడి నుంచే. అడుగులు చిన్నవిగా వేయండి, చేతికర్రలను 5-10 సెంటీమీటర్లు పొడవు పెంచండి. బూటులో పాదం ముందుకు జారకుండా చీలమండ దగ్గర లేసు బిగించండి. గోళ్లు రెండు రోజుల ముందే కత్తిరించుకోకపోతే బొటనవేలి గోరు నల్లబడుతుంది. మడమ దగ్గర వేడిగా, చురుక్కుమన్నట్టు ఉంటే అప్పుడే ఆగి టేపు వేయండి. పొక్కు లేచాక వేసినా అంత ఫలితం ఉండదు.

అపోహ: ఎందుకైనా మంచిదని అన్నీ సర్దుకోవాలి.

బరువు ఒంటి బరువులో అయిదో వంతు దాటకూడదు, అంటే 60 కిలోల మనిషికి 12 కిలోలు. స్టవ్, గిన్నెలు, మందులు గుంపు మొత్తానికి ఒకే జాబితా రాసి పంచుకోండి, లేకపోతే నలుగురూ నాలుగు స్టవ్‌లు మోస్తారు. బరువైనవి వీపుకి ఆనుకుని మధ్యలో, వానకోటు పైన. భారం నడుము బెల్టు మీద నిలవాలి.

అపోహ: పొద్దున దాటిన వాగును సాయంత్రమూ దాటొచ్చు.

మంచు కరిగి వచ్చే వాగులు తెల్లవారుజామున తగ్గి, మధ్యాహ్నం దాటాక పొంగుతాయి. దాటే ముందు నడుము, ఛాతీ బెల్టులు విప్పేయండి. పడితే బ్యాగును వదిలించుకోగలగాలి. ప్రవాహం జోరుగా ఉండి మోకాలి లోతు దాటితే మర్నాటి ఉదయం దాకా ఆగండి.

అపోహ: పారే నీళ్లు శుభ్రమే.

పైన జంతువులు తిరుగుతాయి. నీళ్లను తెర్లించి ఒక నిమిషం, 2,000 మీటర్ల పైన మూడు నిమిషాలు మరిగించండి. క్లోరిన్ మాత్రలకు క్రిప్టోస్పోరిడియం (విరేచనాలు తెప్పించే సూక్ష్మ పరాన్నజీవి) చావదు. నీళ్లు వడకట్టే ఫిల్టరు తడిగా ఉండి చలికి గడ్డకడితే లోపలి గొట్టాలు చిట్లిపోతాయి, పైకి మాత్రం బాగానే కనిపిస్తుంది. రాత్రి దాన్ని స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోండి.

అపోహ: సిగ్నల్ లేకపోతే ఫోన్ దండగ.

జీపీఎస్‌కి మొబైల్ సిగ్నల్ అక్కర్లేదు, మ్యాపు ముందే దించుకుంటే చాలు. చలికి బ్యాటరీ పడిపోతుంది కాబట్టి ఫ్లైట్ మోడ్‌లో ఉంచి, లోపలి జేబులో పెట్టుకోండి. కాగితం మ్యాపు, ఈల కూడా ఉండాలి, ఈల ప్రతి ఒక్కరి దగ్గరా. ఆపదలో నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి మళ్లీ ఆరుసార్లు ఊదాలి. విన్నవాళ్లు నిమిషానికి మూడుసార్లు ఊది బదులిస్తారు. బదులు వినిపించినా ఊదడం ఆపొద్దు, వచ్చేవాళ్లకు ఆ శబ్దమే దారి.