ఓటు పోయింది, కుర్చీ మిగిలింది: న్యూయార్క్ బరో ప్రెసిడెంట్ల కథ

బ్రూక్లిన్ నడిబొడ్డున పెద్ద పెద్ద స్తంభాలతో ఓ పాత భవనం ఉంది. 1897 డిసెంబరు 31 దాకా అది సిటీ హాల్. బ్రూక్లిన్ అప్పటికి దానికదే ఒక నగరం, దేశంలోని పెద్ద నగరాల్లో నాలుగోది. తెల్లారి 1898 జనవరి 1 వచ్చేసరికి బ్రూక్లిన్ న్యూయార్క్‌లో ఒక బరోగా, అంటే నగరంలోని ఒక పెద్ద విభాగంగా కలిసిపోయింది. మేయర్ పదవి పోయింది. భవనం పేరు బరో హాల్ అయింది. బరో ప్రెసిడెంట్ ఈనాటికీ అక్కడే కూర్చుంటారు. ఆ పదవి ఎందుకు పుట్టిందో ఈ ఒక్క భవనం చరిత్ర చూస్తే అర్థమవుతుంది.

బ్రూక్లిన్ జనం మనస్ఫూర్తిగా ఏమీ కలవలేదు. 1894లో విలీనంపై ఓటింగ్ పెడితే అక్కడ లక్షకు పైగా ఓట్లు పడ్డాయి, అనుకూలంగా వచ్చిన మెజారిటీ 277. ఇంత పెద్ద నగరంలో మా వీధి గోడు ఎవరు వింటారన్న భయం క్వీన్స్‌లోనూ, స్టాటెన్ ఐలాండ్‌లోనూ ఉంది. అందుకే మన్‌హట్టన్, బ్రూక్లిన్, క్వీన్స్, బ్రాంక్స్, స్టాటెన్ ఐలాండ్ అనే ఐదు బరోలకూ జనం ఎన్నుకునే ఒక్కో ప్రెసిడెంట్‌ని పెట్టారు. నగర పాలన ఎలా సాగాలో చెప్పే మూల చట్టాన్ని చార్టర్ అంటారు. మొదటి చార్టర్‌లో ఆ పదవికి పేరే తప్ప పెద్దగా అధికారం లేదు. అధికారమంతా నగర కేంద్ర పాలన చేతిలోనే పోగుపడిందని గొడవ మొదలయ్యాక 1901లో చార్టర్ మార్చారు. రోడ్లు, మురుగు కాలువలు, ప్రభుత్వ భవనాల పనులు బరో ప్రెసిడెంట్ల చేతికి వచ్చాయి. వాటికన్నా ముఖ్యంగా, బోర్డ్ ఆఫ్ ఎస్టిమేట్‌లో వాళ్లకు ఓటు దొరికింది.

ఈ బోర్డు గురించి కాస్త ఎక్కువే చెప్పుకోవాలి. అందులో ఉండేది ఎనిమిది మంది: మేయర్, నగర లెక్కలు చూసే కంప్ట్రోలర్, నగర చట్టాలు చేసే సిటీ కౌన్సిల్ ప్రెసిడెంట్, ఐదుగురు బరో ప్రెసిడెంట్లు. కాంట్రాక్టులు, నగర భూముల లీజులు, జోనింగ్ (ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే నిబంధనలు) మార్పులు వాళ్ల ముందుకే వచ్చేవి. బడ్జెట్‌ని ఆమోదించడంలో కౌన్సిల్‌తో పాటు వాళ్లకూ సమాన వాటా. మొదట్లో ఓట్లు జనాభాను బట్టి ఉండేవి. మేయర్‌తో సహా నగరమంతా ఎన్నుకునే ముగ్గురికి తలా 3, మన్‌హట్టన్, బ్రూక్లిన్‌లకు రెండేసి, మిగతా మూడు బరోలకు ఒక్కొక్కటి. 1950ల చివర్లో ఐదు బరోలనూ సమానం చేశారు. 1980లు వచ్చేసరికి లెక్క ఇలా ఉంది: పై ముగ్గురికి రెండేసి చొప్పున 6, బరో ప్రెసిడెంట్లకు ఒక్కోటి చొప్పున 5.

చూడ్డానికి మేయర్ వైపే మొగ్గు ఉన్నట్టుంటుంది. కానీ తన బడ్జెట్‌పై మేయర్ తానే ఓటేయడానికి వీల్లేదు. అంటే బడ్జెట్ నాడు మొత్తం ఓట్లు 9, అందులో 5 బరోలవి. ఐదుగురూ ఒక్క మాట మీద నిలబడితే మేయర్ వచ్చి మాట్లాడుకోవాల్సిందే. చిన్న బరోకి అది కొండంత అండ. ఎవరి బరోలో పనికి వాళ్ల మాటే చెల్లాలి, నీ దానికి నేను, నా దానికి నువ్వు అన్న పద్ధతి కూడా దీనితోనే బలపడింది. ఆ ఇచ్చిపుచ్చుకోవడాలు జనం కళ్లెదుట జరిగేవి కావు. అయినా బహిరంగ విచారణలో మామూలు మనిషి మైకు ముందు నిలబడి మాట్లాడితే, ఎదురుగా కూర్చుని వినేది నిజంగా ఓటేసే వ్యక్తి. నా దృష్టిలో అది చిన్న విషయం కాదు.

ఈ పదవి చేసిన ఇంకో మేలుని చరిత్ర చెప్పేవాళ్లు ఒక్క లైనులో దాటేస్తుంటారు. నగరమంతటా గెలవడం నల్లజాతి నాయకులకు దాదాపు అసాధ్యంగా ఉన్న రోజుల్లో, బోర్డు బల్ల దగ్గరికి వాళ్లు వచ్చింది మన్‌హట్టన్ బరో ప్రెసిడెంట్లుగానే. 1954లో హ్యూలన్ జాక్ ఆ పదవిలోకి వచ్చాడు. పౌరహక్కుల కేసులు వాదించిన లాయర్ కాన్‌స్టన్స్ బేకర్ మాట్లీ 1965లో అక్కడ తొలి మహిళా ప్రెసిడెంట్ అయింది, మరుసటి ఏడాది ఫెడరల్ జడ్జిగా వెళ్లింది. 1966లో బ్రాంక్స్ నుంచి ప్యూర్టోరికోలో పుట్టిన హెర్మన్ బడీయో వచ్చాడు.

అయితే అధికారం అప్పటికే కరగడం మొదలైంది. 1963లో అమల్లోకి వచ్చిన చార్టర్ రోడ్లు, కాలువల పనుల్ని మేయర్ కింది శాఖలకు ఇచ్చేసింది. గుంత పూడ్చే పని పోయింది గానీ బోర్డులో ఓటు మాత్రం మిగిలింది.

ఆ ఓటు మీద 1981లో కొందరు బ్రూక్లిన్ వాసులు కేసు వేశారు. వాళ్ల వాదన సూటిగా ఉంది. బ్రూక్లిన్ జనాభా 22 లక్షలు, స్టాటెన్ ఐలాండ్ జనాభా మూడున్నర లక్షలు, ఇద్దరికీ ఒక్కటే ఓటా? అలాగైతే స్టాటెన్ ఐలాండ్‌లో ఒకరి మాట బ్రూక్లిన్‌లో ఆరుగురి మాటతో సమానం. మనిషికో ఓటు, ప్రతి ఓటుకూ ఒకే విలువ అన్న సూత్రాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1960ల్లోనే స్థిరపరిచింది. 1989 మార్చి 22న అదే కోర్టు ఏకగ్రీవంగా తేల్చింది, బోర్డు ఓట్ల పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని. జస్టిస్ బైరన్ వైట్ తీర్పు రాశాడు.

తీర్పులో తప్పు పట్టడానికి నాకు ఏమీ కనిపించదు. ఆరింతల తేడాను ఏ న్యాయం ఒప్పుకుంటుంది? మళ్లీ జనాభా ప్రకారం ఓట్లు ఇవ్వొచ్చన్న ఆలోచనా వచ్చింది. కానీ ఫ్రెడరిక్ ష్వార్జ్ అధ్యక్షతన కూర్చున్న చార్టర్ కమిషన్ బోర్డునే రద్దు చేయాలని చెప్పింది. 1989 నవంబరులో నగర ఓటర్లు సరేనన్నారు. మన్‌హట్టన్ బరో ప్రెసిడెంట్ డేవిడ్ డింకిన్స్ మేయర్‌గా గెలిచిందీ ఆ రోజే. భూముల నిర్ణయాలు, బడ్జెట్ సిటీ కౌన్సిల్‌కి వెళ్లాయి. కౌన్సిల్ 35 నుంచి 51 స్థానాలకు పెరిగింది. 1990లో బోర్డు మూతపడింది.

దెబ్బ ఎక్కువగా తగిలింది స్టాటెన్ ఐలాండ్‌కి. నగరం చెత్తంతా పోసే ఫ్రెష్ కిల్స్ 1948 నుంచి అక్కడే ఉంది. చెత్త ఓడలు రావడం, గుట్టలు పెరగడం, ఆ కంపు ఇళ్లలోకి కొట్టడం వాళ్లకు రోజువారీ బాధ. ఇప్పుడు బోర్డులో ఆ ఒక్క ఓటూ లేదు, 51 మంది కౌన్సిల్‌లో వాళ్లకున్నది మూడు సీట్లే. 1993లో న్యూయార్క్ నుంచి విడిపోదామా అని అడిగితే అక్కడి ఓటర్లలో దాదాపు 65 శాతం విడిపోదామన్నారు. రాష్ట్ర అసెంబ్లీ ఆ బిల్లుని ముందుకు కదలనివ్వలేదు. ఫ్రెష్ కిల్స్‌కి మామూలు చెత్త రావడం 2001లో ఆగింది.

మరి బరో ప్రెసిడెంట్‌కి ఇప్పుడున్న పనేంటి? ఒక ఉదాహరణ చూద్దాం. ఒక పెద్ద అపార్ట్‌మెంట్ కోసం జోనింగ్ మార్చాలని దరఖాస్తు వచ్చిందనుకోండి. ముందు ఆ ప్రాంత కమ్యూనిటీ బోర్డు 60 రోజుల్లో విచారణ జరపాలి. నగరంలో ఇలాంటివి 59, ఒక్కోదానిలో 50 మంది దాకా సభ్యులు, జీతం ఉండదు. జనం ఒక్కొక్కరే లేచి మాట్లాడతారు: నీడ పడుతుందని ఒకరు, అద్దె కట్టలేకపోతున్నాం ఇళ్లు కావాలని ఇంకొకరు. తర్వాత ఫైలు బరో ప్రెసిడెంట్ దగ్గర 30 రోజులు ఉంటుంది. ఒప్పుకుంటున్నానో లేదో, ఏ షరతులతోనో రాసి పంపాలి. అది సిఫారసు మాత్రమే. ఆ పైన ప్లానింగ్ కమిషన్‌కి 60 రోజులు, కౌన్సిల్‌కి 50 రోజులు.

సిఫారసే కదా అని కొట్టిపారేయలేం. కమ్యూనిటీ బోర్డు సభ్యుల్ని నియమించేది బరో ప్రెసిడెంటే, సగం మందిని కౌన్సిల్ సభ్యులు సూచించిన పేర్ల నుంచి తీసుకోవాలి. 13 మంది ప్లానింగ్ కమిషన్‌లో ఒక్కో బరో ప్రెసిడెంట్ ఒకరిని పెట్టుకుంటారు. స్కూళ్లు, పార్కులు, లైబ్రరీల పనులకు ఇవ్వగలిగే నిధులూ కొన్ని ఉంటాయి. ఎవరిని ఆ గదిలో కూర్చోబెట్టాలో నిర్ణయించే అధికారం ఇది. అద్దెకుండేవాళ్లు, కుర్రాళ్లు, కొత్తగా వలస వచ్చినవాళ్లు ఆ కుర్చీల్లోకి రావాలంటే బరో ప్రెసిడెంట్ శ్రద్ధ పెట్టాలి. శ్రద్ధ పెట్టకపోతే ఎప్పుడూ వచ్చే ముఖాలే ఉంటాయి. ఈ పదవిని రద్దు చేయమనేవాళ్లు ఈ ఒక్క పనినీ దగ్గర్నుంచి చూడాలని నా కోరిక.

2025 నవంబరులో ఓటర్లు చార్టర్‌ని మళ్లీ మార్చారు. అందుబాటు ధరల ఇళ్ల ప్రాజెక్టుని కౌన్సిల్ తిరస్కరించినా, మార్చినా ఇకమీదట ముగ్గురి అప్పీలు బోర్డు దాన్ని సమీక్షించవచ్చు. మేయర్, కౌన్సిల్ స్పీకర్, ఆ ప్రాజెక్టు ఉన్న బరో ప్రెసిడెంట్. ఇద్దరు ఒక్కటైతే కౌన్సిల్ నిర్ణయం మారిపోతుంది. 1990 తర్వాత ఒక కట్టడం లేవాలో వద్దో తేల్చే చోట బరో ప్రెసిడెంట్ చేతికి సిఫారసు కాగితం కాక ఓటు రావడం ఇదే.