పైకప్పును కింద నుంచి చూడండి

చి. పిల్లలకు,

ఆశీస్సులు. మీ ప్రశ్న నాకు బాగా నచ్చింది. "రాజాంలో అమ్మమ్మ వాళ్ల వసారాకూ, కళింగపట్నంలో మన పశువుల శాలకూ ఒకే కొట్టులో ఒకే రోజు రేకులు కొన్నారు కదా తాతయ్యా. అక్కడివి ఇంకా మెరుస్తున్నాయి, ఇక్కడివి చిల్లులు పడ్డాయి. ఎందుకు?" అని అడిగారు. పెద్దవాళ్లమంతా "సరుకు మంచిది కాదు" అనేసి ఊరుకున్నాం. ఒకే సరుకు రెండు చోట్ల రెండు రకాలుగా ఎలా ఉందని మీరే అడిగారు. కళింగపట్నంలో సముద్రం ఒడ్డున కట్టబోయే ఇంటికి కప్పు ఏం వేయాలో తేలక మీ నాన్న ఒకసారి నన్ను, ఒకసారి మేస్త్రీని అడుగుతున్నాడు. ఈ ఉత్తరం అతనికి కూడా చదివి వినిపించండి.

మీ నానమ్మ ఆవకాయ ఎందులో పెడుతుంది? జాడీలో. ఇనుప డబ్బాలో ఎందుకు పెట్టదు? ఉప్పు ఇనుమును తినేస్తుందని ఆమెకు ఎవరూ పాఠం చెప్పకుండానే తెలుసు. సముద్రం ఒడ్డున ఇల్లు కట్టడమంటే ఊరగాయలో ఇల్లు కట్టడమే.

ఉప్పు మన ఇంటిదాకా ఎలా వస్తుందంటారా? అల విరిగినప్పుడు తెల్లటి నురగ లేస్తుంది. ఆ నురగలో ఒక్కో బుడగ చిట్లినప్పుడల్లా కంటికి ఆనని తుంపర పైకి ఎగురుతుంది. అందులోని నీరు గాలిలోనే ఆరిపోతుంది, మిగిలిన ఉప్పును గాలి మోసుకొస్తుంది. కాస్త బరువున్న రేణువులు ఒడ్డు దగ్గరే దిగిపోతాయి కనుక సముద్రానికి దూరంగా ఉన్న రాజాం దాకా చేరేది బహు తక్కువ. ఉప్పు ఊరికే కూర్చోదు కూడా, గాలిలోని తేమను లాక్కుంటుంది. వానాకాలంలో వంటింటి ఉప్పు నీరు కారడం చూశారు కదా. రేకు మీద పేరుకున్న ఉప్పు కూడా అంతే, వాన లేని రోజున సైతం రేకును చెమ్మగా ఉంచుతుంది. తుప్పుకు కావలసింది గాలి, నీరు. వాటికి ఉప్పు తోడైతే పని చకచకా సాగిపోతుంది.

మన రేకు ఉత్త ఇనుము కాదు, పైన జింకు పూత ఉంటుంది. ఆవకాయ పైన తేలే నూనె చేసే పనే ఈ జింకు చేస్తుంది. నూనె ఉన్నన్నాళ్లు ముక్కకు బూజు పట్టదు, జింకు ఉన్నన్నాళ్లు ఇనుముకు తుప్పు పట్టదు. ఉప్పుగాలి ముందు జింకునే తింటుంది. రేకు మీద చిన్న గీత పడి ఇనుము బయటపడినా, చుట్టూ ఉన్న జింకు తాను తరిగిపోతూ దాన్ని కొంతకాలం కాపాడుతుంది. రాజాంలో ఆ పూత నెమ్మదిగా తరుగుతోంది. ఇక్కడ అయిపోయింది. ఇంతే తేడా.

మొన్న శాల మీద నుంచి ఒక రేకు దింపించాను. పైవైపు బూడిదరంగులోకి తిరిగింది, కాని గట్టిగానే ఉంది. తిరగేసి చూస్తే చూరు దగ్గర జానెడు మేర ఎర్రగా పొరలు పొరలుగా లేచి ఉంది, గోటితో గీరితే రాలిపోతోంది. బోల్టు దూరిన ప్రతి రంధ్రం చుట్టూ గోధుమరంగు వలయం. వానలో తడిసే పైవైపు బాగుండి, చుక్క నీరు తగలని అడుగు ఎందుకు పోయిందో ఆలోచించండి. వాన పైనున్న ఉప్పును కడిగేస్తుంది, చూరు కిందకు రాదు. అక్కడ చేరిన ఉప్పు చేరినట్టే ఉండిపోతుంది. కనబడే చోటును కడగడానికి వానే ఉంది, కనబడని చోటును మనమే కడగాలి. మీ పుస్తకాల సంచి అడుగు సంగతి కూడా ఇంతేనని మీ అమ్మ రాసింది.

మా చిన్నతనంలో మాది చుట్టిల్లు. గుండ్రటి మట్టిగోడ, దాని మీద తాటాకు కప్పు. చూరు ఎంత కిందికి దిగేదంటే, మా నాన్న నడుము వంచకుండా లోపలికి వెళ్లడం నేను చూడలేదు. పిల్లలం మాత్రం తలెత్తుకునే పరుగెత్తేవాళ్లం. ఒక ఏడాది ఉన్నట్టుండి చూరు నుదుటికి తగిలేది, ఎదిగామని అలా తెలిసేది. కొడవలి, నాన్న చుట్టలు, నా గోలీల సంచి అన్నీ ఆ చూరులోనే దోపి ఉండేవి. కప్పులో ఇనుప మేకు ఒక్కటి లేదు. వాసాలకు ఆకును నారతోనే కట్టేవారు, తుప్పు పట్టడానికి అక్కడ ఏమీ లేదు. రెండు మూడేళ్లకోసారి ఎండాకాలంలో పాత ఆకు దింపి కొత్త ఆకు నేసేవారు. గాలివాన వస్తోందని తెలిస్తే ఒడ్డున జాలర్ల దగ్గర చిరిగిన వల తెచ్చి, కప్పంతా పరిచి, అంచులకు రాళ్లు వేలాడగట్టేవారు. జాడీ మూతికి నానమ్మ వాసెన గుడ్డ కట్టదూ, అలాగన్నమాట. గుండ్రటి ఇంటికి గాలి గుద్దుకోవడానికి చదునైన గోడ ఉండదు, పక్కలనుంచి జారిపోతుంది. అయినా మీ నాన్నకు చుట్టిల్లు కట్టమని చెప్పను. నిప్పు భయం ఎలాంటిదో మా వీధికి బాగా తెలుసు.

వాసెన అన్నాను కనుక గాలి సంగతి కూడా చెబుతాను. గాలి కప్పును కిందికి నొక్కుతుందని అనుకుంటాం. నిజానికి ఎక్కువగా పైకి లాగుతుంది. కప్పు మీదుగా వేగంగా దూసుకుపోయే గాలి అక్కడ ఒత్తిడిని తగ్గిస్తుంది, తలుపో కిటికీయో తెరుచుకుంటే లోపల దూరిన గాలి కింద నుంచి తోస్తుంది. గాలి వేగం రెండింతలైతే దాని బలం నాలుగింతలవుతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు వేళ్లతో సహా ఒరిగిపోయాయి. 2013లో పైలిన్, 2014లో హుద్‌హుద్ కూడా అక్టోబరులోనే వచ్చాయి, రెండూ 12వ తేదీనే. మనకు దసరా సరదా, తుఫాను భయం ఒకేసారి వస్తాయి. అంత గాలిలో ముందుగా లేచేవి మూలలు, చూరు అంచులు, కప్పు వాలులు పైన కలిసే కొప్పు. అందుకే అక్కడ బోల్టులు దగ్గర దగ్గరగా పడాలి. రెండు వాలుల కప్పు కంటే నాలుగు వైపులా వాలున్న కప్పు మేలు. చూరు మరీ బయటికి చాపకూడదు.

ఇక ఏం వేయాలి? ఉప్పు ఒక్కటే చూసుకుంటే నా ఓటు పెంకుకే, అది జాడీకి చుట్టం. బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీల సంస్థ 1865లో మంగుళూరులో పెంకుల పరిశ్రమ మొదలుపెట్టింది, అందుకే వాటిని ఇప్పటికీ మంగుళూరు పెంకులంటారు. కాని బాగా కాలిన పెంకే కొనాలి, వేలితో కొడితే ఖంగుమని మోగాలి. సరిగా కాలని పెంకులో ఉప్పు దూరి, పొట్టు పొట్టుగా రాలగొడుతుంది. అంచు వరుసలను తుప్పు పట్టని తీగతో కట్టి తీరాలి, లేకపోతే తుఫానులో ఎగిరి ఎవరి తల మీదనో పడతాయి.

స్లాబు వేస్తే గాలి బెంగ ఉండదు, ఉప్పు బెంగ మాత్రం తప్పదు. ఆవకాయ ముక్క పైన ఎంత కండ ఉన్నా ఉప్పు చివరికి టెంక దాకా చేరుతుంది కదా. స్లాబులో టెంక అంటే ఇనుప చువ్వ. (పోలికను సాగదీస్తున్నానని నానమ్మ పక్కనుంచి అంటోంది, అననివ్వండి.) చువ్వ తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బితే కాంక్రీటు పగిలి పెచ్చులూడుతుంది. అందుకే మన దేశ ప్రమాణాల్లో ఎండావానా తగలని మామూలు చోట చువ్వ మీద 20 మిల్లీమీటర్ల కాంక్రీటు చాలంటే, సముద్రపు గాలికి తెరిచి ఉన్న చోట 45 కావాలంటారు. దగ్గరలో ఉంది కదా అని ఒడ్డున ఇసుక ఎత్తుకొచ్చి కలిపితే, ఉప్పును మనమే ఇంట్లోకి పిలిచినట్టు. వంశధార ఇసుక కావాలి, కలిపే నీరు కూడా ఉప్పదనం లేనిది కావాలి.

రేకులే కావాలంటే జింకు, అల్యూమినియం కలిపి పూత పూసి, పైన రంగు వేసినవి తీసుకోవచ్చు. ఉత్త అల్యూమినియం రేకు కూడా ఉప్పుగాలికి చాలా ఓర్చుకుంటుంది, గాలి తగిలితే తన మీద తానే సన్నని పొర కట్టుకుంటుంది. కాని దానికి మామూలు ఇనుప బోల్టు బిగించారో, తడి ఉప్పు మధ్యన చేరి ఆ రెండు లోహాలకూ తగవు పెడుతుంది. పాత సిమెంటు రేకులకు తుప్పు రాదు, కాని వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. కోసినా పగలగొట్టినా ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు. విరిగిన ముక్కలతో మీరు ఆడుకోవద్దు.

ఇంకొక్క మాట. మన రేకును తిన్న ఈ ఉప్పులోనే కొన్ని రేణువులు గాలితో చాలా పైకి పోతాయి. ఆకాశంలో తేమ వాటి చుట్టూ చేరి మబ్బులో చుక్క అవుతుంది. రేకుకు చిల్లు పెట్టేదీ, ఆ చిల్లులోంచి కారే వానను తెచ్చేదీ ఒకే సముద్రం! ఇంతకంటే వివరించడం నా వల్ల కాదు, తలుచుకుంటే నాకే విచిత్రంగా ఉంటుంది.

మీరొక పని చేయండి. రెండు కొత్త మేకులు కొని, ఒకటి అమ్మమ్మ వాళ్ల చూరు కింద, ఒకటి మన చూరు కింద, వాన తగలని చోట దారంతో వేలాడదీయండి. సంక్రాంతికి రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. కప్పు మీదకు మాత్రం ఎవరూ ఎక్కవద్దు, చూడవలసిందంతా కిందే ఉంది.

మీ నాన్నతో చెప్పండి: పెంకైనా రేకైనా నాకు అభ్యంతరం లేదు. బోల్టులు, వాషర్లు కొనడానికి మాత్రం నన్ను వెంటబెట్టుకుని వెళ్లాలి. రేకుల దగ్గర వేలు ఖర్చుపెట్టి బోల్టుల దగ్గర రూపాయి రూపాయికీ బేరమాడే అలవాటు అతనికి ఉంది.

మీ
తాతయ్య