మామ్మగారి కెమెరా ఎందుకు తిరిగింది?

మొన్నటి వానకి విశాఖ ఎంవీపీ కాలనీలో మా వీధికి కరెంటు పోయి, రాత్రి రెండింటికి వచ్చింది. తెల్లారేసరికి కింది వాటా మామ్మగారు మా గుమ్మంలో ఉన్నారు. "మేస్టారూ, హాల్లో కెమెరా దానంతట అదే గిర్రున తిరిగీసిందండి. నా మంచం వైపు చూసి ఆగింది. ఎవరో చూస్తన్నారు." హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ఆవిడ కోసం పెట్టించిన వైఫై కెమెరా అది. నేను వెళ్లేసరికే దానికి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు వేలాడుతున్నాయి.

తిరగడం గురించి భయం లేదు. ఇలాంటి కెమెరాకి కరెంటు పోయి వస్తే తన మెడ ఎటు ఉందో తెలియదు. మోటారు ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పి, కొలత చూసుకుని మధ్యకొచ్చి ఆగుతుంది. ప్లగ్గు తీసి మళ్లీ పెట్టి చూపించాను. టికటికమంటూ అటూ ఇటూ తిరిగి, సరిగ్గా మంచం వైపే ఆగింది. ఆవిడ నిమ్మకాయ విప్పలేదు. నేనూ విప్పమనలేదు, ఎందుకంటే వెంటనే ఇంకో ప్రశ్న వేశారు: "తలుపులేసిన ఇల్లు హైదరాబాద్‌లో మావాడికెలా కనిపిస్తంది? వాడికి కనిపిస్తే ఇంకొకడికి కనిపించదా?"

నెట్‌వర్క్ పాఠంలో మేం ఏడు పొరల పేర్లు వరసగా అప్పజెప్పిస్తాం. ఈ ప్రశ్న మాత్రం క్లాసులో ఇంతవరకూ ఏ పిల్లాడూ వేయలేదు, మేమూ వేయించలేదు. అసలు పాఠం ఇదే.

ఇంట్లో రౌటర్‌ని అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ అనుకోండి. అతని చేతిలో ఒక పుస్తకం. లోపలివాళ్లు ఎవరైనా బయటికి వెళ్లొచ్చు. బయటివాడు లోపలికి రావాలంటే మాత్రం, లోపల ఎవరో ముందే వాడికి కబురు పెట్టి ఉండాలి. 304 వాళ్లు టిఫిన్ సెంటర్‌కి చెప్పారని పుస్తకంలో ఉంటే, దోసెలు తెచ్చిన కుర్రాడిని 304కి పంపుతాడు. లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తాడు. ఈ పద్ధతినే నాట్ అంటారు. పుస్తకంలో రాసింది ఎక్కువసేపు ఉండదు కూడా. కాసేపు ఆ దారిన ఎవరూ తిరగకపోతే కొట్టేస్తాడు.

మరి కొడుకు ఫోన్ లోపలికి ఎలా వస్తోంది? ఇక్కడే నాకెంతో ఇష్టమైన ఉపాయం ఉంది. కెమెరా పగలూ రాత్రీ, కొన్ని సెకన్లకోసారి, తనే గేటు దాటి వెళ్లి కంపెనీ సర్వర్‌కి "నేను ఫలానా నంబరుని, ఇంట్లోనే ఉన్నాను" అని చెప్పి వస్తుంది. దాంతో పుస్తకంలో రాత చెరగదు. కొడుకు ఫోన్ కూడా ఆ సర్వర్ దగ్గరికే వెళ్లి ఆ నంబరు అడుగుతుంది. సర్వర్ వీళ్ల చిరునామా వాళ్లకీ, వాళ్లది వీళ్లకీ ఇస్తుంది. ఇక ఫోనూ కెమెరా ఒకేసారి ఎదురెదురుగా ప్యాకెట్లు, అంటే చిన్న చిన్న డేటా ముక్కలు, పంపుకుంటాయి. మొదటివి అవతలి గేటు దగ్గర ఆగిపోయినా నష్టం లేదు. విశాఖ వాచ్‌మన్ పుస్తకంలో ఫోన్ పేరు, హైదరాబాద్ వాచ్‌మన్ పుస్తకంలో కెమెరా పేరు పడిపోయాయి కదా! రెండో విడత వచ్చేసరికి ఇద్దరూ "మావాళ్లు కబురు పెట్టినవాడే" అని వదిలేస్తారు. దీని పేరు హోల్ పంచింగ్. ఇది మొదటిసారి అర్థమైన రోజు సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు.

మొబైల్ డేటాలో ఫోన్ కంపెనీ పెట్టిన ఇంకో పెద్ద వాచ్‌మన్ ఉంటాడు. అతను ఒక్కో గమ్యానికి ఒక్కో పోర్టు నంబరు (గేటులో తలుపు నంబరు లాంటిది) ఇచ్చే రకమైతే, సర్వర్ చెప్పిన నంబరు కెమెరాకి పనికిరాదు కాబట్టి ఈ ఉపాయం సాధారణంగా పారదు. అప్పుడు వీడియో మొత్తం సర్వర్ మీదుగానే నడుస్తుంది.

ఇప్పుడు మామ్మగారి ప్రశ్నకి వద్దాం. గేటు ఎవరూ బద్దలు కొట్టక్కర్లేదు. ఈ ఏర్పాటంతా కెమెరా అడుగున స్టిక్కర్ మీదుండే ఆ నంబరు మీద నిలబడింది. 2019లో పాల్ మరాపీస్ అనే పరిశోధకుడు కెమెరాలని ఫోన్లతో ఇలా కలిపే ఐలింక్‌పీటూపీ అనే చైనా సాఫ్ట్‌వేర్‌లో రెండు లోపాలు బయటపెట్టాడు. అందులో నంబరంటే మొదట కొన్ని అక్షరాలు, మధ్యలో వరస అంకెలు, చివర ఊహకందకుండా చేర్చిన మరికొన్ని అక్షరాలు. ఆ చివరి అక్షరాల లెక్క తెలిసిపోయేసరికి అసలైన నంబర్లు గుట్టలుగా దొరికాయి. ఇరవై లక్షలకు పైగా పరికరాలు బయటపడ్డాయి.

రెండోది ఇంకా ఘోరం. "304 నేనే" అని ఎవరొచ్చి చెప్పినా సర్వర్ నమ్ముతుంది! దొంగ ఆ నంబరుతో హాజరు వేయించుకుంటే, కొడుకు ఫోన్‌కి సర్వర్ దొంగ చిరునామా ఇస్తుంది. ఫోన్ నేరుగా వెళ్లి పాస్‌వర్డ్ వాడికే చెబుతుంది. పాస్‌వర్డ్ ఎంత గట్టిదైతే ఏం లాభం, తాళంచెవి మనమే చేతిలో పెట్టాక? ఆ కెమెరాలు తీసిపారేయమనీ, కుదరకపోతే రౌటర్‌లో యూడీపీ 32100 పోర్టుకి బయటికెళ్లే దారి మూసేయమనీ ఆయన సలహా. అంటే, కెమెరాని ఆ సందులోకి పోనివ్వొద్దని వాచ్‌మన్‌కి చెప్పడం. 2021లో త్రూటెక్ కంపెనీ వాళ్ల 'కాలే' (Kalay) అనే వ్యవస్థలోనూ ఇలాంటి లోపమే దొరికింది. అక్కడ నంబరు ఊహించడం కష్టం, ఎలాగో సంపాదించాలి. సంపాదిస్తే మళ్లీ అదే కథ.

2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రామ్ చేసింది దీనికన్నా సులువైన పని. ఫ్యాక్టరీ పెట్టిన అరవైకి పైగా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలతో, వాచ్‌మన్ అడ్డులేని కెమెరాల్లోకి దూరింది. ఆ అక్టోబర్ 21న వాటన్నిటినీ, వెబ్‌సైట్ల పేర్లకి చిరునామాలు చెప్పే డైన్ (Dyn) అనే కంపెనీ మీదికి వదిలితే అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ తడబడ్డాయి.

హాజరు వేసే ప్రతిసారీ కెమెరా తన సొంత రహస్య కీతో సంతకం చేయాలి. అప్పుడు నంబరు ఊరందరికీ తెలిసినా భయం లేదు. ఇంత చిన్న పని కంపెనీలు చేయకపోవడం నాకు నిజంగా కోపం తెప్పిస్తుంది. మన దేశంలో 2025 ఏప్రిల్ 9 నుంచి సీసీ కెమెరాలకి భద్రతా పరీక్ష తప్పనిసరి చేశారు. ముందే కొని ఇంట్లో బిగించినవి మాత్రం అలాగే ఉన్నాయి.

ఆ సాయంత్రం కొడుకుకి ఫోన్ చేసి యాప్ పాస్‌వర్డ్ మార్పించి, ఓటీపీ పెట్టించాను. కెమెరా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి, దాన్ని గెస్ట్ వైఫైలోకి, అంటే ఇంట్లో మిగతా పరికరాలకి వేరుగా ఉండే వైఫైలోకి, మార్చాను. మంచం ఎదురుగా ఉన్నదాన్ని తీసి వీధి తలుపుకేసి బిగించాను. మామ్మగారు అంతా చూసి, "రాత్రి ప్లగ్గు తీసేస్తే?" అన్నారు. తీసేయండి మామ్మగారూ, అది బయటికెళ్లి హాజరు వేయించుకోదు, వాచ్‌మన్ కూడా పుస్తకంలో దాని రాత కొట్టేస్తాడు అన్నాను. పొద్దున్న ప్లగ్గు పెట్టగానే మళ్లీ తిరుగుతుంది, కంగారు పడకండని కూడా చెప్పి వచ్చాను.