బ్యాటు వేగం కొలత: అపోహలు - వాస్తవాలు

బేస్‌బాల్ ఆటగాళ్ల బ్యాటు వేగాన్ని కొలవడం నా పని. "నా వేగం ఎంత?" అని అందరూ అడుగుతారు. "బ్యాటులో ఎక్కడ కొలిచారు?" అని అడిగేవారు తక్కువ. అది తెలియకుండా చెప్పే అంకెను నేను లెక్కలోకి తీసుకోను.

అపోహ: బ్యాటుకు ఒకటే వేగం ఉంటుంది.

వాస్తవం: బ్యాటు గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి ప్రతి అంగుళానిదీ వేరే వేగం. చేతుల దగ్గర తక్కువ, కొన దగ్గర అన్నిటికన్నా ఎక్కువ. అమెరికా మేజర్ లీగ్‌లో వాడే స్టాట్‌కాస్ట్ వ్యవస్థ కొన నుంచి దాదాపు 6 అంగుళాల ఇవతల, స్వీట్ స్పాట్ (బంతి తగిలితే అన్నిటికన్నా బాగా దూసుకుపోయే చోటు) దగ్గర కొలుస్తుంది. అక్కడ గంటకు 70 మైళ్లతో కదిలే బ్యాటు కొన దగ్గర 80 దాటుతుంది. అందుకే ఏ తండ్రైనా "మావాడిది 80" అని మురిసిపోతే, అది కొన వేగమా అని మెల్లగా అడుగుతాను. మేజర్ లీగ్ సగటే 72 మైళ్ల చుట్టుపక్కల, అంటే సుమారు 116 కిలోమీటర్లు. 75 దాటితే స్టాట్‌కాస్ట్ దాన్ని వేగమైన స్వింగుగా లెక్కిస్తుంది. మేజర్ లీగ్ బ్యాటర్ జియాంకార్లో స్టాంటన్ లాగా సగటునే 80 దాటించేవారు అత్యంత అరుదు.

అపోహ: పిడికి తగిలించే సెన్సర్ వేగాన్ని నేరుగా కొలుస్తుంది.

వాస్తవం: అది ముఖ్యంగా పట్టుకునేది పిడి తిరుగుడును. దాన్ని స్వీట్ స్పాట్ దాకా ఉన్న దూరంతో గుణించి వేగం లెక్కకడుతుంది. ఆ దూరం తెలియాలంటే బ్యాటు పొడవు మనమే ఫోనులోని యాప్‌లో నమోదు చేయాలి. ఆటగాడు 32 అంగుళాల బ్యాటు పట్టుకున్నాడు, ఫోనులో మాత్రం పాత 34 అలాగే ఉండిపోయింది అనుకోండి. అసలు 65 మైళ్ల స్వింగు 69 దాకా కనిపించవచ్చు. ఒక్కరోజులో నాలుగు మైళ్లు పెరిగిందని ఎవరైనా వస్తే, నేను ముందు చూసేది ఫోనులోని బ్యాటు పొడవునే.

అపోహ: రాడార్ తప్పు చెప్పదు.

వాస్తవం: రాడార్ తన వైపు వచ్చే లేదా తన నుంచి దూరంగా పోయే వేగాన్ని మాత్రమే చూస్తుంది. బ్యాటు కదిలే దిశకు 30 డిగ్రీలు పక్కగా పెడితే 70 మైళ్లు 61 అవుతాయి. పైగా, బంతి ఉంటే అది బ్యాటును వదిలేసి బంతి వేగాన్ని చూపించవచ్చు. "రాడార్‌లో 85 వచ్చింది" అనే కబుర్లలో కొన్నిటి పుట్టుక అక్కడే.

అపోహ: వేగం లేనివాడు బ్యాటరే కాదు.

వాస్తవం: బంతిని సరిగ్గా తగిలిస్తే, బ్యాటు వేగం ఒక మైలు పెరిగినప్పుడు బంతి వేగం సుమారు 1.2 మైళ్లు పెరుగుతుంది. దీన్ని కాదనలేం. కానీ మేజర్ లీగ్ బ్యాటర్ లూయిస్ అరాయెజ్ సగటు వేగం 62 మైళ్ల దగ్గరే ఉంటుంది. 2022, 2023, 2024లో వరుసగా బ్యాటింగ్ టైటిళ్లు (లీగ్‌లో అత్యధిక బ్యాటింగ్ సగటుకు దక్కే గౌరవం) అతనివే.

అపోహ: బ్యాటుకు బరువు రింగు తొడిగి తిప్పి, తీసేస్తే వేగం పెరుగుతుంది.

వాస్తవం: బ్యాటు తేలికైనట్టు అనిపిస్తుంది, అంతే. కొలిచి చూసిన అధ్యయనాల్లో ఆ వెంటనే తిప్పిన స్వింగు తరచూ నెమ్మదించింది. నమ్మనివారి చేత రింగుతో ఒకసారి, రింగు లేకుండా ఒకసారి సన్నాహం చేయించి, రెండు కొలతలూ పక్కపక్కనే చూపిస్తాను.