లాంగ్ ఫామ్ పాడ్‌కాస్ట్ సంభాషణలు: అపోహలు, వాస్తవాలు

కళలు, ఆలోచనలు, రాజకీయాల మీద గంట, గంటన్నర సాగే ఆడియో సంభాషణలు చేయడం నా పని. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళ దగ్గరా, వినేవాళ్ళ దగ్గరా కొన్ని అపోహలు పదేపదే కనిపిస్తుంటాయి, వాటి గురించే ఈ పోస్ట్.

అపోహ: ఇద్దరు తెలివైనవాళ్ళని కూర్చోబెట్టి మైక్ ఆన్ చేస్తే చాలు, మాటలు వాటంతటవే వస్తాయి.

వాస్తవం: మాటలు వస్తాయి, కానీ గెస్ట్ ఇప్పటికే నాలుగు చోట్ల చెప్పిన మాటలే వస్తాయి. అందులో వాళ్ళ తప్పేం లేదు, మనం అడిగే ప్రశ్నలే అలా ఉంటాయి. "రాయాలని ఎందుకనిపించింది?" అని అడిగితే ఎప్పట్నుంచో రెడీగా ఉన్న జవాబు వచ్చేస్తుంది. అదే పుస్తకం ఆఖరి పేజీ దాకా చదివి వెళ్ళి, "తండ్రి చనిపోయిన సంగతి ఒక్క వాక్యంలో దాటేశారేంటి?" అని అడిగి చూడండి, ఎదుటి మనిషి ఆగి ఆలోచించడం మొదలుపెడతారు, ఆ టైమ్‌లో హోస్ట్ మాత్రం నోరు మెదపకూడదు. కొత్త హోస్ట్‌లకి అన్నిటికంటే కష్టమైన పని ఇదే, నాలుగు సెకన్లు నిశ్శబ్దం రాగానే కంగారుపడి ఇంకో ప్రశ్న వేసేస్తారు, రాబోయే మంచి జవాబు అక్కడే ఆగిపోతుంది. చిత్రకారులైతే ఒక్క బొమ్మ గురించి, సంగీతకారులైతే ఒక్క పాట గురించి అడగండి, "మీ కళాదృక్పథం ఏమిటి" అని మాత్రం దయచేసి అడక్కండి. ప్రశ్నల లిస్ట్ తప్పకుండా రాసుకోవాలి, రికార్డింగ్ మొదలయ్యాక దాన్ని బోర్లించి పెట్టేయాలి.

అపోహ: ఇది పాడ్‌కాస్ట్‌లతో పుట్టిన ఫ్యాషన్, అయినా ఇంతసేపు వినే ఓపిక ఎవరికుంది?

వాస్తవం: స్టడ్స్ టెర్కెల్ అనే రేడియో హోస్ట్ షికాగోలో డబ్ల్యూఎఫ్ఎంటీ రేడియోలో 1952 నుంచి 1997 దాకా, అంటే 45 ఏళ్ళు ఇదే పని చేశారు. గెస్ట్ రాసిన పుస్తకం గీతలు గీసుకుంటూ చదివి మరీ వచ్చేవారు. బీబీసీ రేడియో 4లో 'ఇన్ అవర్ టైమ్' 1998లో మొదలైంది, ఒక్క విషయం మీద ముగ్గురు నిపుణులతో ముప్పావు గంట చర్చ. ఇంటర్నెట్‌లో చూసినా, క్రిస్టఫర్ లైడన్ అనే జర్నలిస్టు 2003లో చేసిన ఇంటర్వ్యూల ఆడియోని సాఫ్ట్‌వేర్ రాసే డేవ్ వైనర్ ఆర్ఎస్ఎస్ ఫీడ్‌లో (కొత్త ఎపిసోడ్ రాగానే వినేవాళ్ళ యాప్‌కి చేరవేసే ఏర్పాటు) పెట్టారు, యాపిల్ వాళ్ళ ఐట్యూన్స్‌లోకి పాడ్‌కాస్ట్‌లు వచ్చింది ఆ తర్వాత, 2005లో. అంటే ఈ మాధ్యమం మొదలైందే పొడుగు సంభాషణలతో. ఇక ఓపిక సంగతి, జనం ఒకే చోట కూర్చుని వినరు, నడుస్తూ, పని చేసుకుంటూ, మూడు నాలుగు సార్లు ఆపుతూ వింటారు, మధ్యలో ఆపినా మళ్ళీ అందుకునేలా విషయం నడపడం మన బాధ్యత.

అపోహ: ఎడిట్ చేస్తే నిజాయితీ పోతుంది.

వాస్తవం: ఒకే మాట మూడుసార్లు చెప్తే రెండు తీసేయొచ్చు, దారి తప్పి తిరిగొచ్చిన ఐదు నిమిషాలూ తీసేయొచ్చు, అది వినేవాళ్ళ టైమ్‌కి ఇచ్చే గౌరవం. ఒక ప్రశ్నకి చెప్పిన జవాబుని ఇంకో ప్రశ్న కింద అతికించడం మాత్రం మోసం. "కానీ" అని మొదలుపెట్టి గెస్ట్ చెప్పిన మినహాయింపుని కోసేసి ముందు భాగం ఒక్కటే ఉంచడం కూడా మోసమే. నాయకులు జవాబు చెప్పే ముందు తడబడితే ఆ తడబాటు ఉంచాల్సిందే, అది కూడా జవాబులో భాగమే.

అపోహ: రాజకీయాల్లో హోస్ట్ తటస్థంగా వింటే చాలు.

వాస్తవం: దీని గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. పొడుగు సంభాషణలో ఒక ప్రమాదం ఉంది, గంటసేపు ఒక గొంతు చెవిలో వింటే ఆ మనిషి మీద మనకి తెలియకుండానే చనువు, నమ్మకం ఏర్పడతాయి, ఆ చనువులో ఒక తప్పుడు లెక్క కూడా హాయిగా దొర్లిపోతుంది. టీవీ డిబేట్‌లో అయితే ఎవరో ఒకరు అడ్డుపడతారు, ఇక్కడ అడ్డుపడాల్సింది హోస్ట్ ఒక్కరే. అలాగని అరవక్కర్లేదు. ముందు గెస్ట్ వాదనని, వాళ్ళే "అవును, నేనన్నది ఇదే" అని ఒప్పుకునేలా మన మాటల్లో చెప్పాలి, తర్వాత దానికి ఎదురుగా ఉన్న బలమైన అభ్యంతరం పెట్టాలి, జవాబు దాటేస్తే అదే ప్రశ్న మళ్ళీ మర్యాదగా అడగాలి. రికార్డింగ్ అయ్యాక చెప్పిన తేదీలు, అంకెలు అన్నీ సరిచూడాలి, తప్పు దొరికితే గెస్ట్‌కి చెప్పి ఎపిసోడ్‌లోనే సవరణ చదవాలి. ఎపిసోడ్ కింద చిన్న అక్షరాల్లో పెడితే వినేవాళ్ళకి అది చేరదు.

అపోహ: స్టూడియో, ఖరీదైన మైక్ లేకపోతే కుదరదు.

వాస్తవం: 2015లో పదవిలో ఉండగానే ఒబామా పాడ్‌కాస్ట్ హోస్ట్ మార్క్ మారన్‌తో మాట్లాడింది మారన్ ఇంటి కారు షెడ్డులో. గది ప్రతిధ్వనించకపోతే, మైక్ నోటికి దగ్గరగా ఉంటే సగం పని అయిపోయినట్టే. గెస్ట్ దూరంగా ఉంటే ఎవరి గొంతు వాళ్ళ దగ్గరే రికార్డ్ చేసుకోమనండి, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ మోనో వేవ్ ఫైల్ (అంటే కుదించకుండా దాచిన ఒకే ఛానెల్ ఆడియో) గంటకి 500 ఎంబీ పైన వస్తుంది, కానీ నెట్ తెగినా గొంతు తెగదు.

అపోహ: డౌన్‌లోడ్‌లు ఎన్నో, విన్నవాళ్ళు అంతమంది.

వాస్తవం: యాప్ దానంతటది దించుకున్న ఫైల్ కూడా లెక్కలోకి వస్తుంది. 2023లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 17తో యాపిల్ ఆటోమేటిక్ డౌన్‌లోడ్ పద్ధతి మార్చగానే చాలా షోల అంకెలు పడిపోయాయి, నిజంగా వినేవాళ్ళు మాత్రం ఒక్కసారిగా ఎక్కడికీ పోలేదు. నేనైతే ఎంతసేపు విన్నారో చూస్తాను, ఫలానా నిమిషం దగ్గర గెస్ట్ అన్నది తప్పు అని వాదిస్తూ రాసేవాళ్ళ ఉత్తరాలు చూస్తాను. అలాంటివాళ్ళ కోసమైనా ప్రతి ఎపిసోడ్‌కి ట్రాన్స్‌క్రిప్ట్ పెట్టండి, చెవులు వినపడనివాళ్ళకి కూడా అదొక్కటే దారి. సాఫ్ట్‌వేర్ రాసిచ్చినదాంట్లో మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు తరచూ తప్పు పడుతుంటాయి, కాబట్టి ఒక మనిషి కూర్చుని మొత్తం చదివాకే పెట్టండి.