సింథ్ డెమో చిటపటమంటే లినక్స్‌ని తిట్టకండి

బతుకమ్మ పాటల పని మొదలైతే చాలు, నల్లగొండలోని మా చిన్న స్టూడియోకి ఒకటే రకం ఫోన్లు. "అన్నా, సింథ్ డెమో వేసిన, చిటపటమంటుంది, లినక్స్‌ల ఇవి నడవయి, ఇగ విండోసే ఎక్కిస్తా." సింథ్ అంటే కంప్యూటర్‌లో వాయిద్యాల శబ్దం పుట్టించే సాఫ్ట్‌వేర్, డెమో అంటే కొనేముందు వాడి చూసే వెర్షన్.

అపోహ: డెమోలో చప్పుడు వస్తే ఆ సింథ్ లినక్స్‌లో పనికిరాదు.

వాస్తవం: యూ-హీ కంపెనీ వాళ్ల దివా, హైవ్ లాంటి సింథ్‌లు లినక్స్‌కి నేరుగానే దొరుకుతాయి. డెమోకి గడువు పెట్టలేదు, బదులుగా కాసేపు వాయించాక మధ్యమధ్యలో చిటపటలు వాళ్లే కావాలని వేస్తారు, కొంటే పోతాయి. పియానో శబ్దమిచ్చే పియానోటెక్ డెమో 20 నిమిషాలకు ఆగిపోతుంది, పైగా కొన్ని నోట్లు (స్వరాలు) అసలు పలకవు. మిర్యాలగూడ తమ్ముడొకడు ఆ మూగ నోట్లు విని కీబోర్డే పాడైందనుకుని రిపేరుకిచ్చాడు, షాపతను బాగానే ఉందంటే అతనితో గొడవపడి మరీ నా దగ్గరికొచ్చాడు. వేరే సింథ్ తెరిచి అవే కీలు నొక్కమన్నాను. పలికాయి. పాపం, వాడి మొహం చూడలేకపోయాను.

గద్వాల వైపు డీజే ఒకతను చిటపట పోతుందని ఈఎంఐ మీద కొత్త ల్యాప్‌టాప్ తీసుకున్నాడు. అందులోనూ అదే చిటపట. డెమో అదే కదా మరి!

చిక్కేంటంటే, నిజమైన ఎక్స్‌రన్ (కంప్యూటర్ సమయానికి శబ్దం అందించలేక తెగిపోవడం) కూడా చెవికి అచ్చం ఇలాగే ఉంటుంది. లినక్స్‌లో శబ్దాన్ని నడిపే పైప్‌వైర్ వాడుతుంటే టెర్మినల్‌లో పీడబ్ల్యూ-టాప్ (pw-top) అనే కమాండ్ తెరిచి పెట్టి, నాలుగు నోట్లు ఒకేసారి నొక్కి పట్టండి. చిట్‌మన్నప్పుడల్లా ఈఆర్‌ఆర్ (ERR) అనే కాలమ్‌లో అంకె పెరుగుతుంటే సెట్టింగ్ సరిగా లేనట్టు. బఫర్ (ఒక్కో విడతలో తయారయ్యే శబ్దపు శాంపిళ్ల సంఖ్య) 128లో ఉంటే 512 చేయండి, సెకనుకు 48000 శాంపిళ్ల రేటు మీద అది 10.7 మిల్లీసెకన్ల ఆలస్యమే, మిక్సింగ్‌కి ఏ ఇబ్బందీ ఉండదు. దివాలో ఆక్యురసీ అనే నాణ్యత సెట్టింగ్ 'డివైన్' మీద ఉంటే 'గ్రేట్'కి దించండి, సీపీయూ మీద భారం తగ్గుతుంది. అంకె కదలకుండానే చప్పుడొస్తుందా, అది డెమోదే. ఇంకా నమ్మకం కుదరకపోతే నాలుగైదు నిమిషాల పాటని రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆఫ్‌లైన్ రెండర్ చేసి (వాయించకుండా నేరుగా ఫైల్‌గా మార్చి) వినండి. ఎక్స్‌రన్ ఫైల్‌లోకి ఎక్కదు, సింథ్ తానే చేసే చప్పుడు ఎక్కుతుంది.

అపోహ: యాబ్రిడ్జ్ (విండోస్ సింథ్‌లని లినక్స్‌లో నడిపే టూల్) ఉంటే విండోస్ సింథ్ ఏదైనా నడుస్తుంది.

చాలావరకు నడుస్తాయి, అన్నీ కాదు. ఐలాక్ అనే లైసెన్స్ తాళం అడిగేవాటి జోలికి నేనైతే పోను, దానికి లినక్స్ వెర్షనే లేదు. ఏదైనా సరే మీ మెషీన్‌లో డెమో చూశాకే డబ్బు కట్టండి.

అపోహ: ఫ్రీ సింథ్‌లు నాసిరకం.

సర్జ్ ఒకప్పుడు డబ్బుకి అమ్మిన సింథే, 2018లో ఓపెన్ సోర్స్ అయింది. ఇంతకు మించి వాదించే ఓపిక నాకు లేదు.

ఇకమీదట ఫోన్ చేసేవాళ్లు ఆ ఈఆర్‌ఆర్ అంకె చూసుకుని చేయండి. సద్దుల బతుకమ్మ రోజు మాత్రం ఎత్తను.